గుమ్మటాల కంటే ముందు కాటా

నాయనా,

నీ కథా, దాంతోపాటు పెట్టిన ఉత్తరమూ చదివాను. ఉజ్బెకిస్తాన్‌లో, సమర్కండ్‌లో మెడిసిన్ చదువుకుంటూ, పరీక్షల టెన్షన్ మధ్యలో ఇంత రాయగలిగావు. చెయ్యి తిరుగుతోంది. మెచ్చుకోవడం ఇంతటితో ఆపి, రాత్రి నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను.

నువ్వు అద్దెకున్న ఇంటావిడ గురించి రాశావు. రిటైరైన స్కూలు టీచరు. ఆవిడ పేరు రాశావు, వీధి పేరు రాశావు, మహల్లా, అంటే పేట, దాని పేరు రాశావు. కొడుకు రష్యాలో ఏ ఊళ్లో బిల్డింగ్ పనికి పోయాడో కూడా రాశావు. ఆ పక్క పేరాలోనే, పాత ప్రెసిడెంటు కరీమోవ్ గురించీ ఇప్పటి ప్రెసిడెంటు గురించీ ఆవిడ వంటగదిలో నీతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టావు. కింద మళ్లీ ‘ఇది నిజంగా జరిగిన కథ’ అని ఒక లైను. ఆవిడ నిన్ను నమ్మి మాట్లాడింది కదయ్యా!

2021లో ఆ దేశంలో చట్టం మార్చారు. ఇంటర్నెట్‌లో ప్రెసిడెంటును అవమానిస్తే అయిదేళ్ల దాకా జైలు. కథ తెలుగులో ఉంది, అక్కడ చదివేదెవరు అనుకోవద్దు. ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే ఏ భాషైనా ఏ భాషలోకైనా వచ్చేస్తోంది. నువ్వు ఆరేళ్లు చదువుకుని వచ్చేస్తావు. ఆవిడ ఆ ఇంట్లోనే ఉంటుంది.

మహల్లాను నువ్వు ముసలివాళ్లు టీ తాగుతూ కూర్చునే అరుగుగానే చూపించావు. పెళ్లికి గిన్నెలూ బల్లలూ ఇచ్చేది మహల్లానే, చావు జరిగితే నలుగురు మనుషుల్ని పంపేదీ మహల్లానే, నిజమే. కానీ స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం దాన్ని తన చేతి కిందికి తెచ్చుకుంది. ఏ పేద ఇంటికి భత్యం ఇవ్వాలో మహల్లా కమిటీ తేల్చేది. ఎవరు గడ్డం పెంచారు, ఎవరింట్లో కుర్రాడు మసీదుకు ఎక్కువ పోతున్నాడు అన్న కబురు పోలీసులకు చేరేదీ దాని ద్వారానే. 1999 ఫిబ్రవరిలో తాష్కెంట్‌లో బాంబులు పేలాక వేలమందిని పట్టుకుపోయారు. వాళ్లలో చాలామంది చేసిందల్లా ప్రభుత్వ అనుమతి లేని చోట నమాజు చేసుకోవడం. ఈ సంగతి తెలిసినవాడు ఒక మహల్లా పేరునూ ఒక మనిషి పేరునూ పక్కపక్కన రాయడు. ముందు అవి కొట్టేయ్. ఊరు మార్చు, ఆవిడ చెప్పే సబ్జెక్టు మార్చు, కొడుకును కూతుర్ని చెయ్. మాట మాత్రం మార్చకు.

ఇక నన్ను ఆపేసిన చోటు. ఆవిడ పియాలాలో టీ పోసి, తిరిగి కెటిల్లో పోసి, అట్లా మూడు సార్లు చేసి నీకందిస్తుంది. అప్పుడు నువ్వు ఆవిడ వేళ్లు చూస్తావు. చివర్లు గరుకుగా, గోళ్ల పక్కన పాత గీతలు. అవేంటని అడిగితే ‘పత్తికి పోయినప్పటివి’ అంటుంది. ఆ పేరా చదివి కాగితం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. మళ్లీ తీసి చూస్తే తర్వాతి వాక్యంలోనే ఆ ఊరి పాత కట్టడాల చౌరస్తా రెగిస్తాన్ మీద వెన్నెల! ఎందుకు పోయావు అక్కడికి? కథ నీ ఎదురుగా టీ పోస్తుంటే లేచి గుమ్మటాలు చూడ్డానికి పోతావా?

మాది ఆదోని. నాన్న జిన్నింగ్ మిల్లులో కాటా గుమాస్తా. సీజన్‌లో తెల్లవారుజాము నుంచే బండ్లు గేటు ముందు వరస కట్టేవి. రైతు బోరెం కాటా మీదికి ఎక్కించేవాడు. సేటు మనిషి గుప్పెడు పత్తి తీసి పిసికి చూసి, తేమ ఉందనేవాడు. అంతే, క్వింటాలుకు ఇంత అని తరుగు. రైతు కళ్లు కాటా ముల్లు మీద ఉండేవి. నాన్న కళ్లు పుస్తకం మీద ఉండేవి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. రాయవలసింది ఎక్కడుందో నాకు ఆ గేటు దగ్గరే తెలిసింది. ఏ దేశమైనా కానీ, పంట తూకానికొచ్చే చోట నిలబడు. ఎవరు తూస్తున్నారు, ఎవరు రాసుకుంటున్నారు, తరుగు ఎవరి జేబులోకి పోతోంది, ఇవి చూడు. ఆ దేశపు రాజకీయం మొత్తం అక్కడికొచ్చి కూర్చుంటుంది. నలభై ఏళ్ల పైబడి రాస్తున్నాను, ఈ మాట మీద నుంచి జరగలేదు, జరగను.

ఆ కాటా మీద నేను రాసిన కథను ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు కాటా ఉన్న పేజీ మొత్తం కొట్టేసి, ‘లెక్కలు కథకు అడ్డం’ అని రాసి, మిగిలింది అచ్చేశాడు. మిగిలిందేమిటి? చేను మీద పొద్దు వాలడం, రైతు నిట్టూర్పు. బొమ్మ కూడా పెద్దది వేయించాడు. ఊళ్లో అందరూ బాగుందన్నారు. నాన్న మాత్రం చదివి ఒక్క మాట అనకుండా పత్రిక మడిచి అల్మారాలో పెట్టేశాడు. ఆ తర్వాత విజయవాడలో రాత్రిళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, ఆ డబ్బుతో నా పుస్తకం నేనే వేసుకున్నాను. ఆ పేజీ అందులో మళ్లీ పెట్టాను. అప్పుడే ఆ కథ నాదైంది. ఇప్పటి సంపాదకులకు ఇంకో జబ్బు. విదేశీ లొకేషన్ ఉంటే చాలు, అక్కడ బతికేవాళ్లు ఏం తింటున్నారో ఏం కడుతున్నారో అక్కర్లేదు. ఫోటోల కింద కాప్షన్లు వరసగా పేర్చి కథ అంటున్నారు. నీ కథలో నీలి గుమ్మటాలు మాటిమాటికీ వస్తున్నాయి, టాక్సీవాడు రాజ్ కపూర్ పాట పాడుతున్నాడు. ఆ సంపాదకులకు కావలసినవి అవే. నువ్వు వాళ్లకోసం రాయకు.

పత్తి అన్న మాట ఉంటే ఏ దేశం గురించైనా వెతుక్కుని చదవడం నాకు పాత అలవాటు. చిన్నప్పుడు మా ఊరి లైబ్రరీకి వచ్చే సోవియట్ పత్రికల్లో పత్తి చేలల్లో నవ్వుతున్న ఆడవాళ్ల రంగు ఫోటోలు ఉండేవి. అందులో కాటా ఎక్కడా కనిపించేది కాదు. అసలు సంగతి తర్వాత బయటపడింది. సోవియట్ కాలంలో ఉజ్బెకిస్తాన్ పార్టీ పెద్ద రషీదోవ్. ఆయన ఏలుబడిలో పండని పత్తిని పండినట్టు లెక్కలు రాసి ఏళ్ల తరబడి మాస్కోకు పంపారు. ఒక దేశానికి దేశమే దొంగ తూకం! 1983లో ఆయన పోయాక అరెస్టులు జోరందుకున్నాయి. సోవియట్ యూనియన్ కూలిపోయాక అదే రషీదోవ్‌ను మళ్లీ పెద్దమనిషిని చేసి వీధులకు పేరు పెట్టారు.

నువ్వు ‘1991లో స్వేచ్ఛ వచ్చింది’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఎవరికి వచ్చింది? 1989 నుంచి అక్కడి కమ్యూనిస్టు పార్టీ మొదటి కార్యదర్శిగా ఉన్న ఇస్లాం కరీమోవే స్వతంత్ర దేశానికి ప్రెసిడెంటు. 1991 డిసెంబరులో జరిగిన ఎన్నికలో ఆయన మీద నిలబడింది ముహమ్మద్ సాలిహ్ అనే కవి. కొద్దికాలానికే ఆ కవి దేశం విడిచిపోవాల్సి వచ్చింది. తాష్కెంట్ నడిబొడ్డున ఉన్న మార్క్స్ విగ్రహం తీసేసి 1993లో గుర్రం మీద తైమూర్‌ను కూర్చోబెట్టారు. భూమి మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. కోల్హోజ్‌లనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రాలు పోయి రైతులకు లీజులొచ్చాయి గానీ, ఏ పొలంలో పత్తి వేయాలి, ఎన్ని టన్నులు అప్పజెప్పాలి, ఏ ధరకు అన్నది పైనుంచే వచ్చేది. రైతుకిచ్చే ధర ప్రపంచ మార్కెట్ ధర కంటే బాగా తక్కువ. కూలి ఇంకా తక్కువ. ఆ కూలికి పత్తి తీయడానికి ఎవరొస్తారు?

అందుకని ఆర్డరు. తాష్కెంట్ నుంచి ప్రాంతాన్ని ఏలే అధికారి హోకింకు, ఆయన నుంచి జిల్లా హోకింకు, అక్కణ్ణుంచి స్కూలు డైరెక్టరుకు, డైరెక్టరు నుంచి నువ్వు అద్దెకున్న ఇంటావిడకు. సెప్టెంబరు వస్తే పాఠాలు పక్కన పెట్టి టీచర్లు, వార్డులు వదిలేసి నర్సులు, క్లాసులు మాని విద్యార్థులు పొలాలకు పోవాలి. నడుముకు గుడ్డ సంచి కట్టుకుని రోజంతా వంగి తీయడం, సాయంత్రం బ్రిగేడియర్ అనే మేస్త్రీ కాటా వేసి నోటుబుక్కులో రాసుకోవడం. కోటా తగ్గితే తేడా జేబులోంచి కట్టాలి, లేకపోతే తన బదులు అడ్డా మీద కూలిమనిషిని పెట్టుకోవాలి. పోనన్న టీచరుకు ఉద్యోగం పోతుందని బెదిరింపు. ఇదంతా సోవియట్ పోయాక పాతికేళ్ల దాకా నడిచింది. ఆవిడ వేళ్ల మీద గీతలు స్వతంత్ర ఉజ్బెకిస్తాన్ గీసినవి కూడా అయి ఉంటాయి. ఏ సంవత్సరానివో అడిగావా? అడగలేదు. అడిగి ఉంటే నీ ‘స్వేచ్ఛ వచ్చింది’ వాక్యం ఆవిడే కొట్టేసేది.

మీ కాలేజీలో వయసైన డాక్టర్లు పాఠాలు చెబుతుంటారు కదా. వాళ్లను కూడా అడుగు, చదువుకునే రోజుల్లో ఏ జిల్లా పొలాలకు పంపారో, రాత్రిళ్లు ఎక్కడ పడుకోబెట్టారో, నీళ్లు ఎక్కడివో. వరంగల్ వాడివి, ఎనుమాముల మార్కెట్ చూస్తూ పెరిగినవాడివి. పత్తి గురించి అడగడానికి నీకున్న హక్కు ఆ సంపాదకుల్లో ఎవరికీ లేదు.

తర్వాత మార్పు వచ్చింది, దాన్నీ దాచకు. పొలాలకు పోయి ఫోటోలు తీసి, ఎవరెవరిని బలవంతంగా తెచ్చారో రాసి బయటపెట్టిన ఉజ్బెక్ మనుషులున్నారు. అందుకు పోలీసు దెబ్బలు తిన్నారు. వాళ్ల సాక్ష్యం వల్లే పెద్ద పెద్ద బట్టల కంపెనీలు ఆ పత్తి కొనబోమని మొండికేశాయి. 2016లో కరీమోవ్ పోయి మిర్జియోయెవ్ వచ్చాక, 2017 సెప్టెంబరులో టీచర్లనూ డాక్టర్లనూ విద్యార్థులనూ పొలాల నుంచి వెనక్కి పంపారు. 2020లో ప్రభుత్వ కోటా రద్దయింది. 2022 మార్చిలో బహిష్కరణ ఎత్తేశారు. ఇప్పుడు క్లస్టర్లని ప్రైవేటు కంపెనీలొచ్చాయి. డబ్బు ఆలస్యమవుతోందనీ, ఇంకొకరికి అమ్ముకునే వీలు లేదనీ రైతులు మొత్తుకుంటున్నారు. తూచేవాడు మారాడు. కాటా దగ్గర రైతు నిలబడే చోటు ఎంత మారిందన్నది నువ్వు చూసి రాయవలసింది.

‘కరీమోవ్ కాలంలో శాంతి ఉండేది’ అని ఆవిడ అన్నప్పుడు నీకు కోపం వచ్చినట్టుంది. వెంటనే ఆవిణ్ణి ఏమీ తెలియని మనిషిలా చూపించావు. అది అన్యాయం. 1992 నుంచి 97 దాకా పక్కనున్న తజికిస్తాన్‌లో అంతర్యుద్ధం జరిగింది. వేలమంది చచ్చిపోయారు, జనం సరిహద్దులు దాటి పరిగెత్తారు. సమర్కండ్ నుంచి ఆ దేశం ఎంత దూరం? అక్కడ చాలా ఇళ్లల్లో తజిక్ మాట్లాడతారు. వాళ్లలో చాలామందికి కాగితాల్లో మాత్రం ఉజ్బెక్ అని ఉంటుంది. ఆవిడ ఇంట్లో ఏ భాషో నువ్వు రాయలేదు! ఒక్క ఆ ముక్క తెలిస్తే ‘శాంతి’ అన్నప్పుడు ఆవిడ కళ్ల ముందు ఎవరి చావులు మెదిలాయో పాఠకుడికి అందుతుంది. కరీమోవ్ శవాన్ని సమర్కండ్ తెచ్చినప్పుడు రోడ్ల వెంట నిలబడి ఏడ్చినవాళ్లు నిజంగానే ఏడ్చారు. అదే మనిషి ప్రభుత్వం 2005 మే 13న అందిజాన్‌లో జనం మీద కాల్పులు జరిపింది. 187 మంది అని సర్కారు లెక్క, చూసినవాళ్లు వందల్లో చెబుతారు. ఏడ్చినవాళ్లూ నిజం, చచ్చినవాళ్లూ నిజం. రెండూ ఆ వంటగదిలో పట్టాలి. 2022 జులైలో ఆ దేశంలోనే నుకుస్‌లో మళ్లీ కాల్పులు జరిగాయి కాబట్టి ఇదంతా పాత కథ అని కూడా అనుకోవద్దు.

అందిజాన్ కథలో పెట్టాలా అని అడిగావు. నువ్వు పెట్టకు. ఆ రోజు ఆవిడ టీవీలో ఏం చూపించారు, స్టాఫ్ రూంలో ఎవరు ఏమన్నారు, ఎవరు ఏమీ అనలేదు, ఇది దొరికితే పెట్టు.

ఇంకొకటి నీ కళ్ల ముందే జారిపోయింది. ఆవిడ సరుకుల చీటీ నీకు అర్థం కాలేదనీ, మనవడు చదివి పెట్టబోయి తడబడ్డాడనీ రాశావు. ఎందుకు తడబడ్డాడు? ఆవిడ చదువుకున్నది సిరిలిక్ లిపి. 1993లో లాటిన్‌కు మారాలని చట్టం చేశారు, పిల్లలు లాటిన్‌లో నేర్చుకున్నారు. ఆవిడ తాతలకు 1920లలో ఉన్నది అరబ్బీ లిపి. వందేళ్లలో ఒకే ఇంట్లో అవ్వ రాసింది మనవడు చదవలేని పరిస్థితి తెచ్చారంటే, ఆ ఇంట్లోంచి ఎన్ని ఉత్తరాలు, ఎన్ని డైరీలు మూగబోయాయో ఆలోచించు. రచయితలకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? పిల్లాడు తడబడిన ఆ రెండు లైన్లను రెండు పేజీలు చెయ్.

పోటీకి పంపాలా, ఏ పత్రికకు పంపాలా అన్న దానికి ఇప్పుడేమీ చెప్పను. ముందు ఈ ఆదివారం ఆవిడతో కూర్చో. పత్తికి చివరిసారి ఏ ఏడు పోయారు, రోజుకు ఎన్ని కిలోలు అడిగేవారు, కాటా వేసింది ఎవరు, ఆ నెలల్లో ఇంట్లో పిల్లల్ని ఎవరు చూశారు, ఇవి అడుగు. ఆవిడ చెప్పనంటే ఊరుకో, బలవంతం చేయకు. రాశాక ఆవిడకు వచ్చిన భాషలో అంతా చదివి వినిపించి, తీసేయమన్నది తీసేయ్. ఈలోగా ఈ కథను ఎవరికీ ఫార్వర్డ్ చేయకు. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి డిలీట్ చేయించు, చేయించాక నాకు ఒక మెసేజ్ పెట్టు.

ఆశీస్సులతో,
మీ సార్