తోలుబొమ్మ గోడమీద మసకగా ఎందుకుందంటే

గోడకు పెట్టిన తోలుబొమ్మ మసకగా ఉంది, రంగులు పోయాయా అని ఒకరు అడిగారు. రంగులు పోలేదండీ, బొమ్మ వెనక వెలుతురు లేదు. తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంట నుంచి తెచ్చిన హనుమంతుణ్ణి ప్లైవుడ్ మీద పెట్టి ఫ్రేమ్ కట్టించానన్నారు కదా, చిక్కంతా ఆ చెక్కతోనే. మేకతోలును పలచగా గీకి చేసే బొమ్మ అది, తెర వెనక దీపం పెట్టి ఆడించడానికి. వెలుతురు తోలులోంచి వస్తేనే ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది.

1. వెనక చెక్క తీయించి వెలుతురు దూరే గాజుపలక వేయించండి. జిగురుతో అంటించి ఉంటే మీరు లాగకండి, చిరుగుతుంది. ఫ్రేమ్ కట్టినవాళ్లతోనే విప్పించండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే: గోడకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ. కనీసం 2 అంగుళాలు ఉండాలి. నాలుగు మూలలా చెక్కముక్కలు కొట్టిస్తే చాలు. ఆ సందులో ఫ్రేమ్ చుట్టూ పసుపుఛాయ ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటించండి, వెలుతురు గోడవైపు పడేలా. బొమ్మవైపు తిప్పితే బల్బులు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. వెనక గోడ తెలుపో లేతరంగో అయితే మేలు.

3. పాతరకం వేడి బల్బు వద్దు, తోలు ముడుచుకుపోతుంది. తడిగుడ్డా తగలనీయకండి.

మా హాల్లో ఇలాగే పెట్టాం. స్విచ్ వేయగానే కిరీటంలో ఉలితో కొట్టిన చిల్లులు ఒక్కొక్కటీ ముత్యంలా వెలుగుతాయి.