మెమరీదా తప్పు, డిస్కుదా?

ప్రశ్న: ఏడేళ్ల నాటి మా కంప్యూటర్ వారానికి రెండుసార్లు నీలి తెర చూపి ఆగిపోతోంది. కొన్ని పెళ్లి ఫొటోలు సగం వరకే తెరుచుకుని, మిగతాది బూడిద రంగులో కనిపిస్తోంది. లోపం మెమరీలో ఉందా, హార్డ్ డిస్కులోనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఏ పరీక్షకైనా ముందు ఫొటోలన్నింటినీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే బలహీనపడిన డిస్కును మొదటి నుంచి చివరి దాకా చదివించే పరీక్షే ఒక్కోసారి దాని ఆఖరి శ్వాస అవుతుంది. కాపీ చేసేటప్పుడు టిక్కుటిక్కుమనే శబ్దం వినిపిస్తే వెంటనే ఆపేసి, డేటా వెలికితీసే నిపుణులకు అప్పగించడం మేలు.

తర్వాత స్టార్ట్ మెనూలో ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని వెతికి, రీస్టార్ట్ చేయండి. పరీక్ష మొదలయ్యాక ఎఫ్1 నొక్కి ‘ఎక్స్‌టెండెడ్’ ఎంచుకుంటే లోతుగా, కానీ చాలాసేపు సాగుతుంది. రాత్రి పెట్టి పడుకోవడమే సుఖం. తప్పులు బయటపడితే, కరెంటు తీసేసి, ర్యామ్ కర్రలను (మెమరీ చిప్‌లుండే సన్నని పలకలను) ఊడదీసి, గట్టిగా బిగించి, ఒక్కొక్కటిగా మళ్లీ పరీక్షించండి. తప్పు కర్రది కాక, అది కూర్చునే వదులైన స్లాటుదీ కావచ్చు.

మెమరీ నిర్దోషి అని తేలితే, సీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లోని టూల్స్ విభాగంలో ‘చెక్’ నొక్కండి. అది ఫైళ్ల అమరికలోని తప్పులను సరిదిద్దుతుందే తప్ప, అరిగిన డిస్కును బాగుచేయదు. స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు) చూపే ఉచిత ప్రోగ్రాములో, చెడిపోయాయని డిస్కు పక్కన పెట్టిన సెక్టార్ల (డేటా దాచే చిన్న భాగాల) సంఖ్య వారం వారం పెరుగుతూ ఉంటే, ఇక కొత్త డిస్కు కొనాల్సిందే.