మెసలమీన్ ఆపేసి పసుపు, కలబంద మీద ఉండొచ్చా? నేను వాడి చూసినవి చెప్తా

తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాపు, పుండ్లు వచ్చే జబ్బు), ఇంట్లో పెద్దవాళ్లు ఆ వాపు తగ్గించే మందు మెసలమీన్ ఆపేసి పసుపు, కలబంద రసం, కొడిశపాల కషాయం మీద పెడదాం అంటున్నారు, ఎవరైనా వాడి చూశారా అని అడిగారు కదా. చూశానండి, దాదాపు అన్నీ. నాదీ అదే జబ్బు, పెద్దపేగు ఎడమ వైపు ఉంది, ఇంజనీరింగ్ చదివేటప్పుడు బయటపడింది. కాకపోతే నేను మెసలమీన్ వేసుకుంటూనే ఇవన్నీ చేశా, మా గ్యాస్ట్రో డాక్టర్‌కి ఫలానాది మొదలుపెడుతున్నా అని చెప్పే చేశా, ఆయన కొన్నిటికి సరే అన్నారు, కొన్నిటికి మొహం మాడ్చుకున్నారు.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఈ జబ్బు దానంతటదే పెరుగుతుంది, దానంతటదే తగ్గుతుంది. అందుకే మందుల ట్రయల్స్‌లో మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వాళ్లలో కూడా ఇంచుమించు మూడో వంతు మంది "కాస్త బాగుంది" అంటారు. మరి మనం ఎప్పుడు వెతుక్కుంటాం నాటు మందుల కోసం? బాగా ఎక్కువైనప్పుడే కదా, ఆ తర్వాత ఎలాగూ కొంత దిగుతుంది, ఆ క్రెడిట్ అంతా అప్పుడు ఏది తాగుతుంటే దానికి వెళ్లిపోతుంది. అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నా: ఒకసారికి ఒకటే కొత్తది, అసలు మందుల డోసు మార్చకూడదు, మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు మూడు నెలల తర్వాత ఒకసారి స్టూల్ కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్. పేగులో వాపు ఎంతుందో మలంలో చూసే టెస్ట్ అది, 50 లోపు ఉంటే నార్మల్, 250 దాటితే జబ్బు యాక్టివ్‌గా ఉన్నట్టు లెక్క. కడుపు హాయిగా ఉందని మనకి అనిపించడం వేరు, ఆ నంబర్ దిగడం వేరు.

పసుపు సంగతి. మీ ఇంట్లో వాళ్లు చెప్పిన మూడింట్లో దీనికే కాస్త గట్టి ఆధారం ఉంది, కానీ ఇంట్లో వాళ్లు అనుకునే విధంగా కాదు. 2006లో జపాన్‌లో జబ్బు అణిగి ఉన్న 89 మందికి మామూలు మందులతో పాటు సగం మందికి రోజుకి 2 గ్రాముల కర్క్యుమిన్ (పసుపులో పనిచేసే పదార్థం), మిగతా వాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఆరు నెలలు ఇచ్చి చూశారు, కర్క్యుమిన్ వాళ్లలో 43 మందికి ఇద్దరికే తిరగబెట్టింది, రెండో వైపు 39 మందిలో 8 మందికి. 2015లో ఇంకో ట్రయల్, జబ్బు యాక్టివ్‌గా ఉన్న 50 మందికి, మెసలమీన్‌కి తోడుగా 3 గ్రాములు, నెల రోజుల్లో 26 మందిలో 14 మందికి అణిగింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 24 మందిలో ఒక్కరికీ అణగలేదు. వింటే ఎగిరి గంతేయాలనిపిస్తుంది. కానీ రెండు చోట్లా అసలు మందు నడుస్తూనే ఉందని చూడండి. పైగా పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతమే, అంటే ఒక చెంచా పసుపు వేసిన పాలల్లో వంద మిల్లీగ్రాములు కూడా రావడం కష్టం. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రోజుకి 450 మి.గ్రా. ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా రాలేదు. కాబట్టి మీ అమ్మగారు రాత్రిపూట ఇచ్చే పసుపు పాలు ప్రేమకి పనికొస్తాయి, పేగుకి కాదు (పైగా ఫ్లేర్‌లో, అంటే జబ్బు ఎక్కువైనప్పుడు, పాలు చాలామందికి పడవు కూడా).

నేను వాడింది క్యాప్సూల్సే, డాక్టర్ చెప్పిన డోసు. కాల్‌ప్రొటెక్టిన్ మొదట్లో 400 పైన ఉండేది, తర్వాత 200 లోపుకి వచ్చింది. పసుపు వల్లేనా అంటే గట్టిగా చెప్పలేను, దానంతటదే దిగి ఉండొచ్చు కూడా, కానీ ఇప్పటికీ వాడుతున్నా. ఒక జాగ్రత్త, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ అమ్ముతుంటారు, ఒంటికి ఎక్కువ పడుతుందని. అమెరికాలో పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయి, కొన్నిట్లో ఆ మిరియాల సారం ఉంది. తమ్ముడు అజథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) మీద ఉంటే లివర్ టెస్టులు ఎలాగూ చేయిస్తారు, ఇది వాడుతున్నట్టు అక్కడ చెప్పండి.

కలబంద నాకు పడలేదు. లండన్‌లో 2004లో 44 మంది మీద చిన్న ట్రయల్ జరిగింది, పొద్దున సాయంత్రం వంద వంద మిల్లీలీటర్ల జెల్, నెల తర్వాత కలబంద వాళ్లలో 30 శాతం మందికి అణిగింది, రెండో వైపు 7 శాతం. బాగానే ఉంది కానీ అది శుభ్రం చేసిన జెల్. పెరట్లో మట్ట కోసి మిక్సీలో వేస్తే, పచ్చ తొక్క కింద కారే పసుపు జిగురు కూడా అందులో పడుతుంది. ఆ జిగురు ఎండబెడితేనే ముసాంబరం, పిల్లల పాలు మాన్పించడానికి పూసే చేదు మందు, అది మంచి విరేచనకారి. అసలే రోజుకి పదిసార్లు పరిగెత్తే మనిషికి విరేచనాల మందు పట్టించినట్టు అవుతుంది. నేను మట్టల్ని నిలబెట్టి జిగురంతా కారిపోయాకే గుజ్జు తీసుకున్నా, అయినా కడుపు ఉబ్బరం, లూజ్ మోషన్స్, ఆపేశా. "డీటాక్స్" పేరుతో వచ్చే చూర్ణాల మీద సునాముఖి అని రాసి ఉందేమో కూడా చూడండి, అదీ విరేచనకారే, ఇదే గోల.

కొడిశపాల కషాయం గురించి ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా. దాని బెరడు రక్త విరేచనాలకి పూర్వం నుంచీ వాడే మందు, కుటజారిష్టం చేసేది కూడా దీంతోనే, అందులో ఉండే ఆల్కలాయిడ్లకి అమీబాని చంపే గుణం ఉంది. మన ఊళ్లలో రక్తం, జిగట పడిన వాళ్లలో కొందరికి ఉన్నది అమీబియాసిసే, వాళ్లకి ఈ కషాయంతో తగ్గి ఉండొచ్చు, అబద్ధం అనను. "మా బాబాయికి కూడా అచ్చం ఇలాగే రక్తం పడేది, కుటజారిష్టం తాగాక మళ్లీ రాలేదు" అన్నప్పుడు బాబాయికి కొలనోస్కోపీ, బయాప్సీ చేశారా అని అడగండి. చేసి ఉండరు. బాబాయిది వేరే జబ్బు అయ్యుండొచ్చు, లక్షణాలు ఒకటే, అంతే. నాకైతే దీంతో మంచీ లేదు చెడూ లేదు, కాల్‌ప్రొటెక్టిన్ కదల్లేదు.

ఇసబ్‌గోల్ మాత్రం నచ్చింది, జబ్బు అణిగి ఉన్నప్పుడు మోషన్ ఒక రూపానికి వస్తుంది. స్పెయిన్‌లో ఆ మొక్క విత్తనాలతో ఏడాది ట్రయల్ చేస్తే తిరగబెట్టడం మెసలమీన్‌కి దగ్గరగానే వచ్చింది, విత్తనాలతో 40 శాతం, మెసలమీన్‌తో 35 శాతం, రెండూ వాడిన వాళ్లలో 30. ఫ్లేర్‌లో నాకు పడదు. క్రోన్స్ (ఇలాంటిదే ఇంకో పేగు వాపు జబ్బు) ఉండి పేగు ఎక్కడైనా ఇరుకైతే అసలు ముట్టుకోకూడదు, అడ్డం పడుతుంది. మజ్జిగ పల్చగా, ఉప్పేసుకుని, రోజూ తాగుతా, మందని కాదు, అన్నం దిగాలి కదా.

దూరంగా ఉండమని గట్టిగా చెప్పేవి మూడు. ఒకటి, గ్రహణికి (ఆయుర్వేదంలో దీర్ఘకాలం విరేచనాలయ్యే పేగు జబ్బుకి) ఇచ్చే పర్పటి మందులు, రస పర్పటి లాంటివి, పాదరసం గంధకంతోనే చేస్తారు, దాచేదేం లేదు, గ్రంథంలోనే అలా ఉంది, కానీ నెలల తరబడి వేసుకోవడం నాకు భయం. అమెరికాలో అమ్మే ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే ఐదింట ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఏదో ఒకటి దొరికింది, సీసం ఎక్కితే వచ్చేది కూడా కడుపునొప్పే. రెండోది పేరు లేని పొట్లాల పొడి, రెండ్రోజుల్లో మ్యాజిక్‌లా తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని నాకు మొదటి అనుమానం.

మూడోది ఆన్‌లైన్‌లో దొరికే చింగ్ దాయ్, చైనా వైద్యంలో వాడే నీలిమందు పొడి. నిజానికి మూలికల్లో దీనికి చాలా మంచి రిజల్ట్ వచ్చింది. జపాన్ ట్రయల్‌లో రోజుకి గ్రాము వేసుకున్న వాళ్లలో 75 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మాత్రతో 14 శాతం లోపే. కానీ ట్రయల్‌లో లేకుండా అదే పొడి సొంతంగా కొనుక్కుని వాడిన ఒక మనిషికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగిందని తెలిసి ఆ ట్రయల్ మధ్యలోనే ఆపేశారు, అక్కడి ఆరోగ్య శాఖ 2016లో హెచ్చరిక కూడా ఇచ్చింది. పనిచేస్తుంది కాబట్టే సైడ్ ఎఫెక్ట్ కూడా ఉంది, మూలికలైతే ఏం చేయవులే అనేవాళ్లకి ఇది చూపించండి.

తమ్ముడికి జబ్బు ఎంత మేర ఉందో రిపోర్ట్‌లో చూసి చెప్పండి. రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) వరకే అయితే మాత్రల కంటే మెసలమీన్ సపోజిటరీలు (మలద్వారంలో పెట్టుకునే బిళ్లలు) బాగా పనిచేస్తాయి, మనవాళ్లు సిగ్గుపడి పెట్టుకోరు, మందు పనిచేయట్లేదు అంటారు, మీ ఇంట్లో గొడవ కూడా అక్కడే మొదలైందేమో ఒకసారి అడగండి. రోజుకి ఆరుసార్లు పైన రక్తంతో వెళ్తూ జ్వరమో గుండెదడో ఉంటే మాత్రం ఈ చర్చంతా పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.