పాఠకుల ప్రశ్నలు – జవాబులు: లండన్‌లో ఒక్క రోజు, ఇంటివాళ్లతో

ప్రశ్న: మాది విజయనగరం. కొన్నేళ్లుగా లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జూన్‌లో అమ్మ, నాన్నగారు, మా మేనత్త మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు. సెలవులు లేనందువల్ల ఊరు చూపించడానికి ఒక్క శనివారమే కుదురుతుంది. అత్తకు మోకాళ్ల నొప్పులు. అమ్మ శనివారాలు ఒంటిపూట ఉంటుంది. నాన్నగారికి క్రికెట్టంటే ప్రాణం. చూడవలసినవని నేను రాసుకున్న పట్టిక రెండు పేజీలు దాటింది. అందులో ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో చెప్పగలరా? – ఒక పాఠకుడు, లండన్

జవాబు: మూడు చోట్లు ఉంచి మిగిలినవన్నీ కొట్టివేయండి. ఆ మూడింటిని ఎంచుకునేటప్పుడు కూడా లోకమంతా దేన్ని మెచ్చుకుంటోందని కాకుండా, విజయనగరంలో జీవితమంతా గడిపిన ముగ్గురు పెద్దవాళ్లు దేని ముందు తమంతట తాము ఆగి నిలబడతారని ఆలోచించండి.

ఆ లెక్కన మొదట హైడ్ పార్కుకు వెళ్లాలి. మార్బుల్ ఆర్చ్ దగ్గర, పార్కు ఈశాన్యపు కొసన, ఒకప్పుడు మన విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు గారి విరాళంతో కట్టిన పెద్ద మంచినీటి ఫౌంటెన్ ఉండేది. కలరా వరసగా ప్రాణాలు తీసిన ఆ కాలంలో, బాటసారులకు శుభ్రమైన నీళ్లు ఉచితంగా అందించాలని 1859లో లండన్‌లో ఒక సంఘం ఏర్పడి ఊరంతా ఇటువంటివి కట్టించింది. మన మహారాజు 1867లో ఇచ్చిన కానుక ఆ వరసలోదే. దాన్ని 1964లో తొలగించారు గాని, అది ఉన్న చోట ఒక రాయి పెట్టి విజయనగరం మహారాజు పేరు చెక్కించారు. పర్యాటకులు ఎవరూ ఆగి చూడని చిన్న రాయి అది. కోట చుట్టూ, మూడు లాంతర్ల కూడలి చుట్టూ తిరిగిన మీ నాన్నగారు అంత దూరదేశంలో, గడ్డి మధ్యన, తన ఊరి పేరు తానే చదువుకుంటారు. ముందుగా ఒకరోజు మీరొక్కరే వెళ్లి అది సరిగ్గా ఎక్కడుందో చూసి రండి; అత్తను వెంటబెట్టుకుని పార్కంతా వెతకడం భావ్యం కాదు.

రెండవది పార్లమెంటు గడియార స్తంభం. అక్కడికి మధ్యాహ్నం పన్నెండుకు కొద్ది నిమిషాల ముందు చేరుకునేలా బయలుదేరండి. 96 మీటర్ల ఆ స్తంభాన్ని ఫొటోల్లో అందరూ చూసినదే, కానీ 1859 నుంచి గంటలు కొడుతున్న, 13 టన్నులకు పైగా బరువున్న ఆ గంట మోగుతుంటే కింద నిలబడి వినడం వేరు. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బ వినిపిస్తుంది, పన్నెండుకు వెళ్తే పన్నెండూ వినిపిస్తాయి. మన గంటస్తంభం కింద బజారు చేసుకున్నవాళ్లకు ఇదెందుకు ముఖ్యమో మీరు వివరించవలసిన పని ఉండదు.

అమ్మగారిది ఒంటిపూట కాబట్టి ఆ పూట భోజనం అన్నమే అయి ఉండాలి. తెలియని హోటల్లో శాకాహారమేదో, వంటలో ఏం కలిపారో అడుగుతూ కూర్చునేకంటే పొద్దున్నే పులిహోర, దద్దోజనం కలిపి డబ్బాల్లో సర్దుకోండి. పార్లమెంటు నుంచి పది నిమిషాల నడకలో సెయింట్ జేమ్స్ పార్కు ఉంది. బెంచీలు, మరుగుదొడ్లు ఉన్నాయి. చెరువులో పెలికాన్ పక్షులు కూడా ఉంటాయి. 1664లో రష్యా రాయబారి వాటిని రాజుగారికి కానుకగా ఇచ్చిననాటి నుంచి ఆ పక్షులు అక్కడ ఉంటూనే వచ్చాయి. శ్రీకాకుళం జిల్లాలో పెలికాన్లు వలస వచ్చే తేలినీలాపురం వెళ్లి చూసినవాళ్లయితే మీ అత్తగారు వాటిని చూడగానే గుర్తుపడతారు.

భోజనం తరువాత మూడవది థేమ్స్ నది మీద పడవ. వెస్ట్‌మినిస్టర్ రేవులో ఎక్కి టవర్ రేవులో దిగితే, సెయింట్ పాల్స్ గోపురంతో మొదలుపెట్టి 1894లో తెరిచిన టవర్ బ్రిడ్జి దాకా, కూర్చున్న చోటి నుంచే చూడవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. పడవ దిగాక ఎదురుగా కనిపించే కోటలో కోహినూరు ఉంది. మన కృష్ణా తీరపు కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం కనుక నాన్నగారికి చూడాలనిపించవచ్చు. అయితే టికెట్టు ఖరీదు, వరస పొడవు, నిలబడే సమయం అన్నీ ఎక్కువే. కిరీటాల ముందు కదిలే బాట మీద నిలబడితే అదే మనల్ని ముందుకు తీసుకుపోతుంది, తృప్తిగా చూసే వీలు తక్కువ. ఆ రోజు వద్దనే నా సలహా.

ప్రయాణం వీలైనంతవరకు బస్సులోనే చేయండి. భూగర్భ రైలు వేగమే, కానీ పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు. 2022లో మొదలైన ఎలిజబెత్ లైనులో మాత్రం అన్ని స్టేషన్లలోనూ మెట్లెక్కనవసరం లేదు. బస్సులన్నీ నేలకు దగ్గరగా ఉంటాయి, ముందు సీట్లు పెద్దవాళ్లకు వదులుతారు. మార్బుల్ ఆర్చ్ నుంచి 148వ నంబరు బస్సు వెస్ట్‌మినిస్టర్ మీదుగా వెళ్తుంది. బస్సుల్లో నగదు తీసుకోరు, ఒక్క కార్డుతో నలుగురూ ఎక్కడానికి వీల్లేదు, కాబట్టి ముగ్గురికీ మూడు ఆయిస్టర్ కార్డులు ముందే కొని డబ్బు వేసి ఉంచండి. ఇందులో ఇంకొక మేలుంది. టికెట్టు కొన్న ప్రతిసారీ పౌండ్లను రూపాయల్లోకి మార్చుకుని “మాకెందుకు నాయనా ఇంత ఖర్చు” అని వాళ్లు వెనక్కి తగ్గుతారు. కార్డు చేతిలో ఉంటే ఆ మాటే రాదు.

లార్డ్స్ మైదానాన్ని ఆ శనివారంలో ఇరికించకండి. 1936లో భారత జట్టు నాయకుడిగా మన విజ్జీ గారు, అంటే విజయనగరం మహారాజకుమార్, టెస్టు ఆడిన చోటు అది. దాన్ని బయటి నుంచి చూసి వచ్చేయడం నాన్నగారికి అన్యాయం చేసినట్టే. మరొక వారాంతంలో లోపలికి తిప్పి చూపించే టూరు టికెట్లు తీసుకుని, మీరూ ఆయనా ఇద్దరే వెళ్లండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్తున్నాం. ఒక రోజంతా ఊరు తిప్పుతానంటోంది. ఆ చలిలో తిరగగలమా అని భయంగా ఉంది. వద్దంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. – ఒక గృహిణి

జవాబు: వద్దనకండమ్మా, చోటు మార్చమనండి. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలకల్లా పొద్దు గూకుతుంది కాబట్టి బయట తిరిగే రోజు కాదది. బ్రిటిష్ మ్యూజియంకు తీసుకెళ్లమని అడగండి; లోపల వెచ్చగా ఉంటుంది, ప్రవేశం ఉచితం, నడవలేనివారికి చక్రాల కుర్చీ కూడా ఇస్తారు. అంతా చూడాలని పెట్టుకోక, 33ఏ గదికి వెళ్లండి. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి బౌద్ధ స్తూపపు సున్నపురాతి పలకలు 1859లో లండన్ చేరి, 1880లో ఆ మ్యూజియానికి వచ్చాయి.

వాటిలో ఒక పలకను రెండు వైపులా చూడండి. ఒక ముఖం మీద క్రీస్తు పూర్వం నాటి శిల్పి బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని చెక్కాడు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని కాలమది. కొన్ని వందల ఏళ్ల తరువాత మరొక శిల్పి అదే పలకను తిప్పి, వెనకవైపు స్తూపాన్ని మొత్తంగా చెక్కాడు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండెక్కి అక్కడి బౌద్ధ స్తూపాల ఇటుకల పునాదులు చూసినవారికి, ఆ పునాదుల మీద ఒకప్పుడు ఎటువంటి కట్టడం నిలిచి ఉండేదో ఊహించుకోవడానికి ఆ పలక ఎంతో సాయపడుతుంది.

చెప్పులు కాక మేజోళ్లు, బూట్లు వేసుకోండి. ఒక్క మందపాటి కోటుకంటే పలచటి ఉన్ని బట్టలు రెండు మూడు పొరలుగా ఉంటే లోపలికి వెళ్లగానే విప్పుకోవచ్చు. చీకటి పడకముందే బయటికి వచ్చి, తిరుగుదారిలో అమ్మాయి పనిచేసే భవనాన్ని, ఆమె రోజూ రైలెక్కే స్టేషన్ను చూపించమని అడగండి. పిల్లలు తమంతట తాము ఇవి చూపించరు. మీరు అడగాలని కూడా వాళ్లకు తోచదు.