పెన్సిల్ రాతలు చెరిపించకండి

ఇక్కడ ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "అయిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మా బాబుని ఆరులో ప్రైవేటు ఇంగ్లీష్ మీడియంలో వేశాం. పుస్తకం నిండా పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకుంటున్నాడు. టీచర్ చెరిపించమంటున్నారు. ఏడాదిలో అలవాటు పడతాడా?"

చెరిపించకండమ్మా. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతాది చెబుతాను.

1976లో నాది మీ బాబు వయసే. విజయవాడలో మునిసిపల్ స్కూలు, తెలుగు మీడియం. నాన్నగారిని బ్యాంకు వాళ్ళు ఏడాది పాటు హాంకాంగ్ బ్రాంచికి వేశారు. అప్పటికి ఆ ఊరు బ్రిటిష్ వాళ్ళ చేతిలోనే ఉంది. సెప్టెంబరులో నన్ను కౌలూన్ వైపు ఒక ప్రభుత్వ ఇంగ్లీష్ మీడియం హైస్కూల్లో ఫారం 1లో, అంటే అక్కడ హైస్కూల్ మొదటి ఏడాదిలో, చేర్చారు. "ఫారిన్‌లో చదివాడు" అని మా చుట్టాలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ మొదటి మూడు నెలలు నేను పడ్డ టెన్షన్ వాళ్ళెవరికీ తెలియదు.

క్లాసులో ఇండియన్ పిల్లలం ముగ్గురమే. మిగతా అందరూ చైనీస్ పిల్లలు. వాళ్ళు ప్రైమరీ అంతా తమ భాషలో చదువుకుని, ఆరో తరగతి చివర ఊరంతటికీ కలిపి పెట్టే ఎంట్రన్స్ రాసి, హైస్కూల్లో అడుగుపెట్టగానే ఒక్కసారిగా ఇంగ్లీష్ పుస్తకాల్లో పడేవాళ్ళు. అంటే అచ్చం మీ బాబు పరిస్థితే. ఊళ్ళో దాదాపు అందరూ చైనీస్ వాళ్ళే అయినా, వాళ్ళ భాషకి ఇంగ్లీష్ పక్కన అధికార భాష హోదా దక్కింది 1974లో. మేం వెళ్ళడానికి రెండేళ్ళ ముందు!

ఒకరోజు సైన్సు క్లాసులో టీచర్ నన్ను లేపి ఏదో అడిగారు. 'వెట్ క్లాత్' అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. తడిబట్ట ఎందుకు ఆరుతుందని అడుగుతున్నారని ఊహించాను. నాకు జవాబు తెలుసు. బాష్పీభవనం అని విజయవాడలో మా మాస్టారు మూకుడులో నీళ్ళు మరగబెట్టి మరీ చూపించారు. కానీ ఆ మాట ఇంగ్లీష్‌లో ఏమంటారో తెలియదు. నోరు పెగల్లేదు. ఇంతలో కైటాక్ విమానాశ్రయంలో దిగే విమానం ఒకటి మా కప్పు మీదుగా వెళ్ళింది. ఆ ఊళ్ళో విమానాలు ఇళ్ళకి అంత దగ్గరగా ఎగిరేవి, అది వెళ్ళేదాకా టీచర్లు పాఠం ఆపేవారు. ఆ చప్పుడు ఆగకూడదని మనసులో దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డాను.

ఆగింది. టీచర్ నా పక్కవాణ్ణి లేపారు. వాడూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. అప్పుడాయన అదే ప్రశ్న వాళ్ళ భాష కాంటనీస్‌లో అడిగారు. వాడి మొహం వెలిగిపోయింది. గడగడా చెప్పేసి కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. నన్ను తెలుగులో అడిగేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరున్నారు? ఆ టర్ము రిపోర్టులో సైన్సులో వెనకబడ్డానని రాశారు. నేను వెనకబడింది సైన్సులో కాదని ఇవాళ్టికీ అంటాను.

ఆ రోజే పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూశాను. ప్రతి ఇంగ్లీష్ మాట నెత్తిన చీమల్లాంటి చైనీస్ అక్షరాలు, పెన్సిల్‌తో. క్లాసులో అందరి పుస్తకాలూ అంతే. ఇంటికెళ్ళి నాన్నగారి నిఘంటువు ముందేసుకుని నేనూ మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి వాడు నా పుస్తకం చూసి, గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి పకపకా నవ్వాడు. 'వాటర్' మీద నేను రాసుకున్న 'నీళ్ళు' పక్కన వాడి అక్షరం గీశాడు. వాడి పుస్తకంలో నేను 'నీళ్ళు' అని రాసిచ్చాను. నా పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది.

ఇంగ్లీష్ వద్దని నేను అనను. ఆ ఇంగ్లీష్‌తోనే నాకు ఉద్యోగం వచ్చింది. కానీ తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. వేలకి వేలు ఫీజు కట్టి మరీ పిల్లల నోరు నొక్కిస్తున్నాం. హాంకాంగ్ చైనాకి వెళ్ళాక 1998లో చాలా హైస్కూళ్ళని మాతృభాషలోకి మార్చి, 114 స్కూళ్ళకి మాత్రం ఇంగ్లీష్ మీడియం ఉంచారు. తల్లిదండ్రులు ఆ 114 స్కూళ్ళ మీద పడ్డారు. మిగతావి రెండో రకం అనిపించుకున్నాయి. 2010లో ఆ గీత సడలించాల్సి వచ్చింది. చదువు ఎలా సాగుతోందో వదిలేసి బోర్డు మీద ఏ మీడియం రాసుందో చూడటం మనకొక్కళ్ళకే ఉన్న జబ్బు కాదు.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు ఇస్తున్నారు. మా పెన్సిల్ చేసిన పని వాళ్ళు అచ్చులోనే చేసిపెట్టారు. అన్ని సబ్జెక్టులవీ సంపాదించి మీ బాబు బల్ల మీద పెట్టండి. టీచర్ గారిని కూడా ఒక్కటి అడగండి: వాడు జవాబు చెప్పలేక నిలబడినప్పుడు అదే ప్రశ్న ఒకసారి తెలుగులో అడిగి చూడమనండి. ఆవిడకి తెలుగు వచ్చు. నాకు లేని అదృష్టం అది.

ఏడాదిలో అలవాటు పడతాడా అంటే, నాకు ఏప్రిల్ దాకా పట్టింది. పుస్తకం మొదటి పేజీల్లో తెలుగు రాతల కింద ఇంగ్లీష్ కనపడదు. సగానికి వచ్చేసరికి పేజీకి పదో పన్నెండో మాటలు. ఎవరూ చెరిపించలేదు, రాసుకోవాల్సిన అవసరమే తగ్గుతూ వచ్చింది. చివరి పాఠంలో రెండే ఉన్నాయి.