పాత బోర్డో రెడ్ వైన్: పాడైందా, పండిందా?

ప్రశ్న: మా దగ్గరున్న 1989 నాటి మెడాక్ (ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో ఒక భాగం) రెడ్ వైన్ సీసాలు రెండింటిలో ఒకటి ఇటీవల తెరిచాము. లేత వైన్లకు చేసినట్టే రెండు గంటల ముందుగా డికాంటర్‌లో (వైన్ వంచి పెట్టే గాజు పాత్రలో) పోసి ఉంచాము. రంగు అంచున ఇటుక ఛాయకు తిరిగింది, సీసా అడుగున మడ్డి కనిపించింది, పండ్ల రుచి దాదాపు తెలియలేదు. అది పాడైపోయిందంటారా? రెండో సీసాను ఏం చేయమంటారు?

జవాబు: మీరు చెప్పిన రంగు, మడ్డి పాడైనదానికి గుర్తులు కావు. నా సందేహమంతా ఆ రెండు గంటల మీదే ఉంది.

జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున ఉన్న మెడాక్‌లో, గులకరాళ్ల నేలల్లో ఎక్కువగా పండేది కాబెర్నే సావిన్యోఁ అనే ద్రాక్ష. దాని పండు చిన్నది, తొక్క మందం. అందువల్ల లేత వయసులో ఆ వైన్ ముదురు రంగుతో, నాలుకను పట్టేసే వగరుతో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వగరునిచ్చే టానిన్లు రంగు పదార్థాలతో కలిసి పెద్ద అణువులుగా మారి, వాటిలో కొంత భాగం బరువెక్కి అడుగుకు దిగిపోతుంది. మీరు చూసిన మడ్డి అదే. వగరు మెత్తబడడం, రంగు పలచబడడం కూడా ఈ మార్పులో భాగమే.

పండ్ల మాటకొస్తే, లేత వైన్‌లో ముందుకు దూకే బ్లాక్‌కరెంట్ అనే చిన్న నల్లపండు వాసన ముప్పై ఏళ్ల తరువాత వెనక్కి తగ్గి, దేవదారు చెక్క, పొగాకు, పాత తోలు, తడిసిన ఆకులు, పుట్టగొడుగులు గుర్తుకు వచ్చే పరిమళాలకు చోటిస్తుంది. వాటిని వెతకకుండా పండ్ల కోసమే చూస్తే ఎంత గొప్ప సీసా అయినా వెలితిగానే తోస్తుంది. అయితే పండు పూర్తిగా మాయమై పులుపు ఒక్కటే మిగిలితే, ఆ వైన్ తన మంచి కాలాన్ని దాటిపోయిందనే నేను నిర్ణయిస్తాను. 1989లో బోర్డోలో వేసవి వేడిగా సాగి ద్రాక్ష బాగా పండింది కనుక, చల్లని చోట పడుకోబెట్టి ఉంచిన మంచి సీసా ఇన్నేళ్లు నిలవడంలో ఆశ్చర్యం లేదు. మామూలు బోర్డో వైన్లలో చాలావాటిని ఇంతకాలం దాచడం వృథా.

అసలు పరిమళాలు ఉండి ఉంటే, అవి డికాంటర్‌లోనే ఎగిరిపోయి ఉండవచ్చు. లేత వైన్‌కు గాలి మేలు చేస్తుంది. ఇంత వయసున్న వైన్‌లో మిగిలిన సున్నితమైన వాసనలను అదే గాలి త్వరగా చెదరగొడుతుంది. అందుకే రెండో సీసాకు ఇలా చేయండి: మడ్డి అడుగుకు దిగేలా దాన్ని ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టి ఉంచండి. పాత కార్కు మధ్యలో విరగవచ్చు కాబట్టి, రెండు సన్నని రేకులున్న ఓపెనర్‌ను కార్కుకు ఇరువైపులా దించి మెల్లగా తిప్పుతూ లాగండి. సీసా మెడ వెనుక దీపం పెట్టుకుని, మడ్డి మెడ దగ్గరకు రాగానే ఆపేస్తూ, నెమ్మదిగా డికాంటర్‌లోకి వంచండి. 16 నుంచి 18 డిగ్రీల మధ్య వెంటనే గ్లాసుల్లో పోయండి; అంతకంటే వెచ్చబడితే ఆల్కహాల్ ఘాటే ముందుకు వస్తుంది. మొదటి గుక్క అప్పుడే తాగి, తరువాత గ్లాసును గట్టిగా తిప్పకుండా కొన్ని నిమిషాలకోసారి మళ్లీ వాసన చూడండి. మొదట ముడుచుకున్నట్టున్న వైన్ కాసేపటికి విచ్చుకోవడం కద్దు, కాని ఆ మార్పు గ్లాసులో, మీ కళ్లముందే జరగాలి.

నిజంగా పాడైన వైన్‌ను గుర్తించడం కష్టం కాదు. రంగు అంచునే కాక మొత్తంగా గోధుమ ఛాయకు తిరిగి, వాసనలో వెనిగర్ ఘాటు వస్తే అది గాలి సోకి చెడిందన్నమాట. తడిసిన అట్టముక్క, బూజు వాసన వస్తే అది కార్కు దోషం, ఎంతసేపు ఉంచినా పోదు. తెరవకముందే వైన్ మట్టం చూడండి. అది మెడలోనే ఉంటే ధైర్యంగా ఉండవచ్చు, సీసా భుజం దిగువకు జారి ఉంటే ఆశ తగ్గించుకోవాలి. ఏదైనా, ఆ సీసాను ఇంకా దాచవద్దు.