రీల్‌ఫుట్ లేక్: జనవరిలో అమ్మానాన్నలతో వెళ్తే

జనవరిలో అమ్మానాన్నలను టెనెసీలోని రీల్‌ఫుట్ లేక్‌కి తీసుకెళ్లి, మోటారు బోటు అద్దెకు తీసుకుని బాల్డ్ ఈగిల్స్ (తెల్ల తల ఉండే పెద్ద గద్దలు) చూపిద్దామనుకుంటున్నాను, చలికి ఆగగలరా అని అడిగారు కదండీ. బోటు ఆలోచన మానేయండి. చలి ఒక్కటే కాదు, చాలా చోట్ల లోతు నాలుగైదు అడుగులే, నీటి కింద అంతా చెట్ల మోడులు. కొత్తవాళ్లు నడిపితే ప్రొపెల్లర్ తగులుకోవడం ఖాయం.

ఆ మోడుల వెనక పెద్ద కథే ఉంది. 1811-12 చలికాలంలో దగ్గర్లోని న్యూ మాడ్రిడ్ ప్రాంతంలో వచ్చిన భూకంపాలకు అక్కడి అడవి కుంగిపోయి నీళ్లు నిండాయి. మిసిసిపీ నది కాసేపు వెనక్కి పారిందంటారు. తర్వాత ఒక భూమి కంపెనీ చెరువు తనదేనని చేపలు పట్టేవాళ్లను అడ్డుకుంది. 1908లో ముసుగులు వేసుకున్న 'నైట్ రైడర్స్' అనే స్థానికుల ముఠా వాళ్లు ఆ కంపెనీకి చెందిన ఒక లాయర్‌ని చంపేశారు. గవర్నర్ సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. చివరికి చెరువు ప్రభుత్వపరమైంది. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమన్నారు కాబట్టి దారిలో చెప్పండి, మెంఫిస్ నుంచి రెండు గంటల డ్రైవ్ తెలియకుండా గడిచిపోతుంది.

చలికాలంలో స్టేట్ పార్క్ వాళ్లే వాహనంలో ఈగిల్ టూర్లు నడుపుతారు. సీట్లు ముందే బుక్ చేసుకోండి, పొద్దున టూర్ అయితే మేలు. టిప్టన్‌విల్‌లో విజిటర్ సెంటర్ వెనక సైప్రస్ చెట్ల మధ్య చెక్క బాట ఉంది, పెద్దవాళ్లు హాయిగా నడవచ్చు. వాన పడితే యూనియన్ సిటీలోని డిస్కవరీ పార్క్ అనే మ్యూజియానికి వెళ్లండి, అక్కడ భూకంపం ఎలా ఉంటుందో చూపించే గది ఉంది. గాలం వేసే ఉద్దేశం ఉంటే లైసెన్స్ మర్చిపోకండి.